తాళం వేసిన ఇంటిని ఏ లెక్కలో వేయాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే చిక్కు గురించి ఉన్నాయి. సర్వేకు వెళ్ళినప్పుడు జవాబు దొరకని ఇళ్ళను ఏం చేయాలన్నదే ఆ చిక్కు. అయిదూ గోదావరి డెల్టా నుంచే రావడం యాదృచ్ఛికం కావచ్చు గాని, ఇల్లు ఊళ్ళో ఉండి బతుకుతెరువు ఊరి బయట ఉండడం అలవాటైన ప్రాంతానికి ఈ ప్రశ్న తట్టడంలో వింత లేదు.

ప్రశ్న: నేను అమలాపురం సమీపంలోని ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. మా విద్యార్థులు రెండు లంక గ్రామాలలో, గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళినవారు ఏ ఇళ్ళలో ఉన్నారో తెలుసుకోవడానికి సర్వే చేశారు. ఇళ్ళ జాబితా రాసుకొని లాటరీ పద్ధతిలో 400 ఇళ్ళు ఎంచుకున్నారు. వాటిలో 288 ఇళ్ళలో ప్రశ్నావళి పూర్తయింది. 12 ఇళ్ళలో సగంలో ఆగిపోయింది. 24 ఇళ్ళవారు చెప్పబోమన్నారు. 8 ఇళ్ళలో జవాబు చెప్పగలిగే స్థితిలో ఎవరూ లేరు. 52 ఇళ్ళకు తాళం. మిగిలిన 16 ఎవరూ కాపురం ఉండని పాత ఇళ్ళు. స్పందన రేటు 72 శాతమని ఒక బృందం, 90 శాతమని మరొక బృందం వాదిస్తున్నాయి. ఏది సరైనది? రేటు 70 దాటితే సర్వేను నమ్మవచ్చన్న మాట నిజమేనా?

సమాధానం: రెండు బృందాలూ భాగహారం తప్పు చేయలేదు, తేడా అంతా హారం దగ్గరే వచ్చింది. మొదటి బృందం 288ని 400తో భాగించింది. కాపురమే లేని 16 ఇళ్ళలో జవాబు చెప్పడానికి మనిషే లేడు కనుక అవి మీ సర్వే పరిధిలోకి రావు. వాటిని హారంలో ఉంచడం విద్యార్థుల శ్రమను తక్కువ చేసి చూపుతుంది. రెండవ బృందం సగంలో ఆగిన 12 ఇళ్ళను కూడా జవాబు వచ్చినట్టే లెక్కించి, తాళం వేసిన 52 ఇళ్ళను హారం నుంచి తీసివేసి, 300ని 332తో భాగించింది. ఇది మొదటిదానికంటే పెద్ద తప్పు. తాళం వేసి ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం ఊళ్ళో లేకుండా పోలేదు, మీకు దొరకలేదు, అంతే. నన్నడిగితే నివేదికలో రాయవలసిన మొదటి అంకె 288ని 384తో భాగించగా వచ్చే 75 శాతం. సగం జవాబులను కూడా కలుపుకుంటే అది 78 అవుతుంది. తాళం వేసిన ఇళ్ళలోనూ కొన్ని ఖాళీ ఇళ్ళు ఉండవచ్చునని అనుమానిస్తే, సంగతి తెలిసిన 348 ఇళ్ళలో కాపురం ఉన్నవి 332 కాబట్టి, అదే నిష్పత్తిలో 52లో దాదాపు 50 కాపురం ఉన్నవే అనుకోవాలి. అప్పుడు రేటు 75న్నర దగ్గర తేలుతుంది. అమెరికాలోని ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం 1998లో మొదటిసారి వెలువరించిన ప్రామాణిక నిర్వచనాలలో ఇటువంటి రేట్లు ఆరు ఉన్నాయి. ఏ రేటు వాడారో చెప్పకుండా ఒట్టి శాతం రాయడం, ఎకరమో సెంటో చెప్పకుండా పొలం విస్తీర్ణం చెప్పడంలాంటిది.

కాపురం ఉన్నదీ లేనిదీ తేల్చడం కోనసీమలో తేలిక కాదని నాకు అనుభవమే. యజమాని హైదరాబాదులో స్థిరపడినా కొబ్బరి దింపు తీయించడానికి మనుషులు వస్తూనే ఉంటారు కనుక దొడ్డి శుభ్రంగా ఉంటుంది, అరుగు మీద కొబ్బరికాయల రాశి కూడా ఉండవచ్చు. మరో ఇంట్లో భార్యాభర్తలిద్దరూ తెల్లవారకముందే రొయ్యల ఫ్యాక్టరీ బస్సెక్కి దీపాలు పెట్టే వేళకు వస్తారు. మీ విద్యార్థి పదకొండు గంటలకు చూసేది ముగ్గు ఎండిపోయిన వాకిలి, గొళ్ళానికి తాళం. పైకి మొదటిది కాపురమున్న ఇల్లులాగా, రెండవది ఖాళీ ఇల్లులాగా కనిపిస్తుంది. అందుకే వెళ్ళిన ప్రతిసారీ తేదీ, గంట, కనిపించినది, పక్కింటివారు చెప్పినది విడివిడిగా రాయించండి. "లేరు" అన్న ఒక్క మాటతో ఆ గడిని నింపనివ్వకండి.

ఇక 70 దాటితే చాలన్న మాట. దాన్ని నేను నమ్మను, కారణం అంకెలతోనే చెబుతాను. మీ ఫలితాలు నాకు తెలియవు గనుక ఊహించిన అంకెలు తీసుకుంటాను. జవాబిచ్చిన 288 ఇళ్ళలో 72 ఇళ్ళ నుంచి, అంటే 25 శాతం ఇళ్ళ నుంచి, ఎవరో ఒకరు గల్ఫ్‌లో ఉన్నారనుకుందాం. జవాబు రాని 96 ఇళ్ళలో సగం, అంటే 48 ఇళ్ళు, అటువంటివే అయితే నిజమైన లెక్క 384లో 120, అది 31.25 శాతం. మీ సర్వే ఆరుంపావు శాతం తక్కువ చెప్పింది. ఈ తేడా ఎలా వచ్చిందంటే, జవాబు రానివారి వాటా అయిన పావు వంతును, జవాబిచ్చినవారికీ ఇవ్వనివారికీ మధ్య ఉన్న 25 శాతం అంతరంతో గుణించగా వచ్చింది. ఈ రెండిటిలో ఏది సున్నా అయినా తప్పు సున్నా అవుతుంది. స్పందన రేటు మొదటిదాన్నే చెబుతుంది, రెండవదాని ఊసెత్తదు. 288 ఇళ్ళ శాంపిల్‌కు లాటరీ వల్ల సహజంగా వచ్చే ఊగిసలాట అటూ ఇటూ అయిదు శాతం ఉంటుంది కాబట్టి మీ విద్యార్థులు 20 నుంచి 30 మధ్య అని ధీమాగా రాస్తారు. ఈ ఊహలో నిజం ఆ హద్దులకు బయట ఉంటుంది.

అదే ప్రశ్నావళిలో తాగునీరు ఏ కుళాయి నుంచి తెచ్చుకుంటారని కూడా అడిగి ఉంటే, తాళం వేసిన ఇంటికీ పక్కింటికీ అదే కుళాయి గనుక ఆ లెక్క దాదాపు చెడదు. అంటే మొగ్గు, లెక్క నిజం నుంచి ఒకవైపుకు ఒరిగిపోవడం అనేది, సర్వే మొత్తానికి అంటుకునే గుణం కాదు, ఒక్కొక్క ప్రశ్నకు వేరువేరుగా అంటుకుంటుంది. సర్వే పరిశోధకులు రాబర్ట్ గ్రోవ్స్, ఎమీలియా పెయ్‌చెవా 2008లో 59 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు తేలినదీ ఇదే: జవాబు రాని వాటా ఎంతో తెలిసినంత మాత్రాన తప్పు ఎంతో చెప్పలేము, ఒకే సర్వేలో ఒక ప్రశ్నకూ మరొక ప్రశ్నకూ మధ్యనే తప్పు ఎంతో మారుతుంది. అమెరికాలోని ప్యూ సంస్థ టెలిఫోన్ సర్వేలలో స్పందన రేటు 1997లో 36 శాతం ఉండగా 2018 నాటికి 6 శాతానికి పడిపోయింది. అయినా ఆ సర్వేలలో చాలా అంకెలు ప్రభుత్వ లెక్కలకు దగ్గరగానే వచ్చాయి. స్వచ్ఛంద సేవ చేసేవారి శాతం మాత్రం బాగా ఎక్కువ చూపింది. ఊరి పనికి ముందుకొచ్చే మనిషే ఫోనులో అపరిచితుడికి జవాబు చెప్పడానికీ ముందుకొస్తాడు గదా. మీ సర్వేలో గల్ఫ్ ప్రశ్నకూ తాళానికీ సంబంధం అంతకంటే దగ్గరిది. భర్త కువైట్‌లో ఉన్న ఇల్లాలు పిల్లల చదువు కోసం రాజమహేంద్రవరంలో అద్దెకు ఉంటే, మీరు అడగదలచిన సంగతే ఆ తలుపుకు తాళం వేసింది.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఆ 96 ఇళ్ళనూ వదిలేయకుండా, మళ్ళీ లాటరీ వేసి మూడింట ఒక వంతు, అంటే 32 ఇళ్ళు తీయండి. మీ దగ్గరున్న మంచి విద్యార్థులను, మిగిలిన సమయాన్ని, బస్సు ఛార్జీలను ఆ 32 ఇళ్ళ మీదే పెట్టండి. ఉదయం ఏడు లోపల ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి, ఆదివారం ఒకసారి వెళ్ళాలి. పక్కింటివారి ద్వారా ఫోను నంబరు సంపాదించాలి. ఆ 32లో 14 ఇళ్ళవారు గల్ఫ్‌లో మనిషి ఉన్నాడని చెప్పారనుకోండి. ఒక్కొక్కటి మూడు ఇళ్ళకు ప్రతినిధి కనుక 42 అవుతుంది. ముందటి 72తో కలిపితే 384లో 114, దాదాపు 29.7 శాతం. గణాంకవేత్తలు మోరిస్ హాన్సెన్, విలియం హర్విట్జ్ 1946లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. మొదట తపాలాలో ప్రశ్నలు పంపి, జవాబివ్వని వారిలో కొందరి ఇళ్ళకు మనిషిని పంపడం వారి ఏర్పాటు. పాతబడిందని దీన్ని తీసిపారేయకండి, దీనికంటే నిజాయితీ గల మార్గం నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ 32లోనూ కొందరు దొరకరు, ఆ సంగతీ రాయండి. అంత శక్తి లేదంటే, జవాబు రానివారిలో గల్ఫ్ వారు ఒక్కరూ లేరనుకుంటే 18.75 శాతం, అందరూ అలాంటివారే అనుకుంటే 43.75 శాతం అని రెండు కొసలూ అచ్చువేయండి. ఆ అంతరం చూసి మీ విభాగాధిపతి నొచ్చుకోవచ్చు; కాని మీ దగ్గరున్న సమాచారం చెప్పగలిగింది అంతే.

సంక్రాంతికి అందరూ ఊళ్ళో ఉంటారు గదా, అప్పుడు వెళ్ళవచ్చునా అని మీ ఉత్తరం చివర అడిగారు. మనుషులు దొరుకుతారు గాని, ఇంట్లో మామూలుగా ఉండేవారెవరు, పండుగకు వచ్చినవారెవరు అన్నది కలగాపులగమవుతుంది. కనుమ నాడు ఊరంతా జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఉంటుంది. ఆ రోజు మాత్రం ప్రశ్నావళి పట్టుకొని ఎవరి వాకిట్లోనూ నిలబడకండి.

ప్రశ్న: నేను రావులపాలెం వైపు ఒక ప్రైవేటు సర్వేలో ఇన్వెస్టిగేటర్‌గా పనిచేస్తున్నాను. ఎంచుకున్న ఇంటికి తాళం ఉంటే పక్కిల్లు చేసెయ్యమని మా సూపర్‌వైజరుగారు చెబుతారు. ఇది మోసమవుతుందా?

సమాధానం: అది ముందే రాసుకున్న నియమం ప్రకారం జరిగి, ఏ ఇల్లు అసలుదో, ఏది బదులుదో కాగితం మీద కనిపిస్తుంటే మోసం కాదు. మన జాతీయ నమూనా సర్వే ప్రశ్నావళులలో దానికి గడి ఉంది: సర్వే చేసినది అసలు ఇల్లయితే 1, బదులు ఇల్లయితే 2, ఏదీ కుదరకపోతే 3. అసలు ఇల్లు ఎందుకు వదలవలసి వచ్చిందో కూడా రాయాలి. జవాబు చెప్పవలసినవారు పనిలో ఉన్నారా, ఊళ్ళో లేరా, సహకరించలేదా అన్నదానికి వేరువేరు అంకెలున్నాయి. మరోవైపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంటికి బదులు ఇల్లు తీసుకోరు. దొరకని ఇల్లు దొరకనట్టే లెక్కలో ఉండిపోతుంది. 2019–21లో జరిగిన అయిదవ విడతలో ఇళ్ళ స్పందన 98 శాతం, స్త్రీలలో 97 శాతం, పురుషులలో 92 శాతం. పురుషుల దగ్గర ఆ తగ్గుదల కనబడుతున్నదంటే బదులు మనుషులతో పూడ్చనందువల్లనే కనబడుతున్నది.

మీ సూపర్‌వైజరుగారి పద్ధతిలో లోపం, 400 కావలసిన చోట 400 కాగితాలూ నిండి వస్తాయి, స్పందన నూటికి నూరని ఎవరో రాసేస్తారు. పక్కిల్లు తెరిచి ఉన్నదంటే అందులో పగటిపూట ఇంటిపట్టున ఉండే మనిషి ఉన్నారన్నమాట. అలా బదులు మీద బదులు వేస్తూ పోతే ముసలివారు, కొట్టు నడుపుకునేవారు, పసిపిల్లల తల్లులు సర్వేలో పెరుగుతారు. కూలికి పోయేవారు, తాపీపనివారు, వలసపోయినవారు తరుగుతారు.

ఇది ఎవరి మీదో నేరం మోపడానికి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ క్రితం ఇదే పనిలో ఉన్నప్పుడు నేనూ ఒక లంకలో ఇలాగే చేశాను. సాయంత్రం ఆఖరి పడవ కోసం రేవులో కేకలు వేస్తున్నారు. నా జాబితాలోని ఇంటి తలుపుకు తాళం బదులు కొబ్బరి తాడు ముడివేసి ఉంది; అంటే మనిషి దగ్గరలోనే ఉన్నాడని అర్థం. అది తెలిసీ పక్కింటి అరుగు మీద కూర్చొని కాగితం నింపి, ఇంటి నంబరు మాత్రం పాతదే వేశాను. పడవ అవతలి గట్టుకు చేరేలోగా ఆ తాడు ముడి వేసిన మనిషి గేదెను తోలుకొని ఇంటివైపు నడవడం నీళ్ళ మీదనుంచి కనిపించింది. ఆ కాగితాన్ని ఏ తనిఖీలోనూ ఎవరూ పట్టుకోలేదు, పట్టుకునే వీలూ లేదు. అందుకే ఆ సర్వే అంకెలు ఎక్కడ కనబడినా నాకు చదవబుద్ధి కాదు.

మీరు చేయగలిగింది ఉంది. బదులు ఇల్లు చేసినప్పుడు అసలు ఇంటి నంబరును కొట్టివేయకుండా పక్కన కారణంతో సహా ఉంచండి. స్పందన రేటు కట్టేవారు బదులు ఇళ్ళను లవంలో కలపకూడదు; హారంలో అసలు ఇళ్ళే ఉండాలి. ఇంకొక చిట్కా కూడా ఉంది, ఆల్ఫ్రెడ్ పొలిట్జ్, విలార్డ్ సిమన్స్ 1949లో చెప్పినది: ఒక్కసారి మాత్రమే వెళ్ళగలిగితే, దొరికిన మనిషిని గడిచిన అయిదు సాయంత్రాలలో ఈ వేళకు ఎన్నిసార్లు ఇంట్లో ఉన్నారని అడగడం. ఎప్పుడూ ఇంట్లో ఉన్నామన్నవారి జవాబుకు లెక్కలో తక్కువ బరువు (విలువ), ఈ ఒక్కరోజే ఉన్నామన్నవారి జవాబుకు ఎక్కువ బరువు ఇస్తారు. అయితే ఆ వేళకు ఏనాడూ ఇంట్లో ఉండని మనిషికి ఇందులో చోటు దొరకదు.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. మా రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులలో 900 మంది సభ్యులున్నారు. ఈ పంటలో తెగులు వల్ల నష్టపోయారా అని గూగుల్ ఫారం పంపితే 210 మంది నింపారు, అందులో 168 మంది నష్టపోయామన్నారు. "రైతుల్లో 80 శాతం నష్టపోయారు" అని అధికారులకు వినతిపత్రం ఇవ్వవచ్చునా?

సమాధానం: వినతిపత్రం ఇవ్వండి, 168 మంది నష్టపోవడం చిన్న విషయం కాదు. "80 శాతం" అన్న మాట మాత్రం తీసివేయండి. మిగిలిన 690 మందిలో ఒక్కరూ నష్టపోకపోతే అది 19 శాతానికి దిగుతుంది, అందరూ నష్టపోయి ఉంటే 95 అవుతుంది. చెరువు దెబ్బతిని, సరుకు ఎదగకముందే పట్టుబడి చేసుకోవలసి (రొయ్యలు పట్టి అమ్మేయవలసి) వచ్చిన రైతు ఆ ఫారం చూడగానే తెరుస్తాడు. మంచి కౌంటుకు (కిలోకు తూగే రొయ్యల లెక్క) అమ్ముకున్నవాడు శుభోదయం బొమ్మలతోపాటు దాన్నీ పైకి తోసేస్తాడు. అడిగిన సంగతే జవాబు చెప్పించినప్పుడు శాతం పెరిగి కనబడక తప్పదు.

మీ లెక్కలో నాలుగింట ఒకరికంటే తక్కువమంది పలికారు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపితే తిరిగి వచ్చినవి 23 లక్షల పైచిలుకు. ఇంచుమించు మీ వాటానే. వాటిని లెక్కించి, రూజ్‌వెల్ట్‌పై పోటీచేసిన లాండన్ 57 శాతంతో గెలుస్తాడని రాసింది. ఎన్నికలో రూజ్‌వెల్ట్‌కు 60 శాతం దాటి ఓట్లు పడ్డాయి. టెలిఫోన్లు, కార్లు ఉన్నవారి జాబితాలు వాడినందువల్ల ఈ పొరపాటు జరిగిందని చాలాకాలం చెప్పుకున్నారు. 1988లో పెవరిల్ స్క్వయర్ అనే పరిశోధకుడు, 1937లో గ్యాలప్ అనే ప్రజాభిప్రాయ సర్వే సంస్థ చేసిన ఒక సర్వేను తిరగేసి, బ్యాలెట్ అందుకొని కూడా తిప్పి పంపనివారిలో రూజ్‌వెల్ట్ పక్షంవారే ఎక్కువని చూపించాడు. జాబితా తప్పుతోపాటు మౌనమూ పనిచేసిందన్నమాట.

"చిన్న రైతులు తక్కువమంది నింపారు గనుక వారికి ఎక్కువ బరువు ఇచ్చి సరిచేయవచ్చునా" అని మీరే అడిగారు. చేయవచ్చు. ఉదాహరణకు గ్రూపులో చిన్న చెరువులవారు 600, పెద్దవారు 300 అనుకోండి. నింపినవారు 90, 120. నష్టపోయామన్నవారు 81, 87. అప్పుడు చిన్నవారిలో 90 శాతం, పెద్దవారిలో 72న్నర శాతం. 600కూ 300కూ సరిపెట్టి కలిపితే 84 శాతం వస్తుంది. కాని మీ అసలు భయం నష్టపోనివారు పలకలేదన్నది గదా. చెరువు పెద్దదా చిన్నదా అన్న లెక్క సరిచేస్తే ఆ దోషం పోలేదు, సరికదా అంకె ఇంకా పైకి పోయింది. బరువులు మీకు తెలిసిన తేడాను మాత్రమే సవరించగలవు. పలకని 690 మందిలో చీటీలు తీసి ఓ అరవైమందికి ఫోను చేయండి. రెండు సాయంత్రాల పని.

ప్రశ్న: ఇంట్లోకి రానిచ్చి, కాఫీ ఇచ్చి, అన్నీ చెప్పి, కౌలు సంగతి అడగగానే మాట మారుస్తారు. ఆ గడి ఖాళీగా వదిలేయాలా, సున్నా వేయాలా? – మండపేట నుంచి ఒక విద్యార్థిని

సమాధానం: సున్నా ఎన్నటికీ వేయకండి. సున్నా అంటే కౌలు లేదని మీరు సాక్ష్యం చెప్పినట్టు. ఖాళీ కూడా వద్దు. ఆ ప్రశ్న అడగడం మరిచిపోయారో, వారికి వర్తించదో, చెప్పలేదో తరువాత ఎవరికీ తెలియదు. "తెలియదు", "చెప్పలేదు", "వర్తించదు" అని మూడు వేరువేరు అంకెలు పెట్టుకోండి. ఇది ఇల్లే దొరకకపోవడానికి తమ్ముడి వంటి సమస్య; మనిషి ఉన్నాడు, ఒక్క జవాబు లేదు. డెల్టాలో కౌలు చాలావరకు నోటిమాట ఒప్పందం. కాగితం మీదికి ఎక్కితే భూమికి ఎసరు వస్తుందని యజమాని, యజమానికి తెలిస్తే వచ్చే ఏడు పొలం ఇవ్వడని కౌలుదారు జంకుతారు. అందుచేత "కౌలు చేస్తున్నారా" అని మొదలుపెట్టకుండా, సార్వాకు ఎన్ని బస్తాలయ్యాయి, అందులో ఇంటికి ఎన్ని వచ్చాయి, బయటికి ఇవ్వవలసినవి ఎన్ని అని గింజల మీదుగా రండి. అరుగు మీద నలుగురు చేరినప్పుడు ఆ ప్రశ్న అసలే ఎత్తకండి.

ప్రశ్న: సర్వేవారికి జవాబు చెప్పకపోతే శిక్ష ఉంటుందా? – నరసాపురం నుంచి ఒక గృహిణి

సమాధానం: అడిగేవారెవరన్నదానిని బట్టి ఉంటుంది. జనాభా లెక్కలవారు అడిగితే 1948 నాటి జనగణన చట్టం ప్రకారం తెలిసినంతవరకు నిజం చెప్పవలసిన బాధ్యత ఉంది, కావాలని తప్పు చెప్పినా నిరాకరించినా జరిమానా ఉంది. మీరు చెప్పిన వివరాలను ఇతరులు చూడడానికి వీలులేదని, కోర్టులో సాక్ష్యంగా వాడరాదని అదే చట్టం చెబుతుంది. అందులో మరొక వెసులుబాటు కూడా రాసిపెట్టి ఉంది. ఇంట్లోని స్త్రీల పేర్లు చెప్పి తీరాలన్న నిర్బంధం ఎవరికీ లేదు. ఆచారం ప్రకారం భర్త పేరు పలకని స్త్రీ ఆ పేరు చెప్పనక్కరలేదు. కళాశాల విద్యార్థులు, పత్రికలు, కంపెనీలు చేసే సర్వేలకు జవాబు చెప్పడం పూర్తిగా మీ ఇష్టం. చెప్పదలచుకోకపోతే తలుపు వేసుకొని ఊరుకోకుండా, "చెప్పము" అని ఒక్క మాట అనండి. మీ ఇంటిని తాళం వేసిన ఇళ్ళలో కలపకుండా నిరాకరించిన ఇళ్ళ వరుసలో రాసుకుంటారు. లెక్క కట్టేవారికి ఆ తేడా కావాలి.